సుర్ఖేత్ నుంచి జుమ్లాకు ముప్పై అయిదు నిమిషాలు

సుర్ఖేత్
విక్రమ సంవత్సరం 2050, మంసిర్ నెల 18

జౌకళక్కకు తమ్ముడు కర్ణబీర్ నమస్కారాలు.

ముందు బావ సంగతి రాస్తాను, లేకపోతే నువ్వు ఇవన్నీ వదిలేసి ఉత్తరం చివరికి గెంతుతావు. నేపాల్‌గంజ్ ఆసుపత్రిలో కోసిన చోట మానింది. కుట్లు విప్పారు. నిన్న సాయంత్రం బస్సులో నా గదికి చేరాడు. కడుపులోంచి తీసిన రాయిని చిన్న సీసాలో వేసి ఇచ్చారట, రేగు గింజంత ఉంది. బావ దాన్ని జేబులో పెట్టుకుని టీ కొట్టు దగ్గర కనబడిన ప్రతివాడికీ చూపిస్తున్నాడు. "మా జుమ్లాలో పొలం దున్నినా రాళ్లే, మనిషిని కోసినా రాళ్లే" అంటున్నాడు. అంటే బాగానే ఉన్నాడని నువ్వు అర్థం చేసుకోవచ్చు.

డాక్టరు మాత్రం గట్టిగా చెప్పాడు. రెండు నెలలు బరువు ఎత్తకూడదు, ఎత్తు ఎక్కకూడదు. కాబట్టి నడిచి వచ్చే మాట లేదు. 22వ తేదీ విమానానికి టికెట్టు తీశాను. ఇక్కడ లేస్తే అక్కడ దిగడానికి ముప్పై అయిదు నిమిషాలు. నేను కాటా దగ్గర కూర్చుని రెండో గ్లాసు టీ తాగేలోగా ఆయన మీ ఊరి మట్టి తొక్కుతాడు. అదే నడకైతే తొమ్మిది రోజులు, మధ్యలో మహాబు కొండ.

నా ఉద్యోగం ఎప్పటిదే. విమానం ఎక్కే ప్రతి మూటనీ, ప్రతి మనిషినీ కాటా మీద నిలబెట్టి బరువు రాయడం. బావ సరదాకి ఎక్కాడు. యాభై రెండు కిలోలు. "ఆసుపత్రివాళ్లు రాయితో పాటు ఇంకేమైనా తీశారేమో చూడు" అన్నాడు. నువ్వు తిండి పెట్టి లావు చేసుకో.

విమానంలో అటు వస్తున్న పశువుల డాక్టరు గారి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మీ అత్తగారికి దండాలు, పవిత్రకు ముద్దులు.

నీ తమ్ముడు
కర్ణబీర్

*

జుమ్లా
మంసిర్ 25

తమ్ముడికి అక్క దీవెనలు. కోపంగా ఉన్నాను, అందుకని దీవెనలు ఒక్క మాటతో సరిపెడుతున్నాను.

22న తెల్లారగానే పవిత్రకు తల దువ్వి, కొత్త రవిక తొడిగి, ఖలంగాలో విమానాలు దిగే మైదానానికి తీసుకెళ్లాను. మా ఊరి నుంచి అక్కడికి గంటన్నర నడక. మా ఆయన ఆకాశంలో వచ్చే దారికంటే మేము నేల మీద నడిచిన దారికే ఎక్కువ సేపు పట్టింది. విమానం దిగింది. తలుపు తీశారు. ఇద్దరు ఉద్యోగులు దిగారు, మూటలు దిగాయి. ఇరవై దాకా ఎంచి ఊరుకున్నాను. పవిత్ర మాత్రం తలుపు మూసేదాకా చూసి, "నాన్న మూటల వెనక పడుకున్నాడేమో అడగవే" అంది. అడిగాను. నవ్వారు.

23న మబ్బు. 24న వెళ్లాను, మళ్లీ మూటలే. ఈ రోజు వెళ్లలేదు. అత్తగారు అడిగింది, "నీ తమ్ముడు అక్కడ కాటా మీద కూర్చున్నాడంటివే, మరి నా కొడుక్కి చోటు లేదా?" అని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఇంట్లో పూజారివి నువ్వే కదా, నన్నేం చెప్పమంటావు?

ఆపిల్ ముక్కలు ఎండబెట్టినవి, అక్రోట్లు పంపుతున్నాను. ఇక్కడి నుంచి కిందికి వెళ్లే విమానంలో కావలసినంత చోటు. మేకను పంపినా తీసుకెళ్తారు.

రాత పెద్దల బడిలో నేర్చుకున్నది, తప్పులుంటే సర్దుకో. మీ బావకు చదివి వినిపించు. ఆయనకు అక్షరం రాదని నిన్నే నమ్ముకున్నాను.

జౌకళ

*

సుర్ఖేత్
పూస్ 3

అక్కా,

నీ ఉత్తరం చదివి వినిపించాను. మేక మాటకి బావ చాలాసేపు నవ్వి, కుట్ల చోట చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

సంగతి వివరంగా రాస్తాను, మీ అత్తగారికి చెప్పు. ఉన్న రెండు విమానాల్లో ఒకటి బాగుచేతకి వెళ్లింది. మిగిలినది పైకి మోయగలిగింది పదకొండు వందల కిలోలు. పదకొండు గంటలు దాటితే మీ లోయలో గాలి లేస్తుంది, దిగడం కుదరదు. కాబట్టి ఆకాశం బాగున్న రోజున రెండు దఫాలు, లేకపోతే లేదు. ఈ ఏడు మీ వైపు పంట పోయింది కనుక ముందు బియ్యం ఎక్కాలని పెద్దల ఉత్తర్వు. తర్వాత రోగులు, తర్వాత ఉద్యోగులు, ఆ తర్వాత మిగతా జనం. ఆపరేషన్ అయి కోలుకున్నవాడు రోగి కాడట. అడిగాను. రాసుకున్న వరుసలో బావ పంతొమ్మిదో మనిషి.

నీ ఉత్తరాలు మాత్రం ఏ ఆటంకం లేకుండా దిగుతున్నాయి. ఉత్తరానికి బరువు లేదు కదా, నీ తిట్లు ముప్పై అయిదు నిమిషాల్లో నాకు అందుతాయి.

బావ రోజూ నాతోపాటే మైదానానికి వస్తాడు. కంచె దగ్గర ఎండలో కూర్చుంటాడు. విమానానికి తెల్ల గద్ద అని పేరు పెట్టాడు. అది లేచిన ప్రతిసారీ "బియ్యానికి రెక్కలొచ్చాయిరా కర్ణే, మనకే రాలేదు" అంటాడు. ఇక్కడ తిండికి లోటు లేదు, జామకాయలు కూడా వచ్చాయి. ఆయనకి మాత్రం ఏదీ రుచించదు. ఇక్కడి నీళ్లు చప్పగా ఉన్నాయంటాడు.

మీకు బియ్యం అందుతోందా? రాయి.

కర్ణబీర్

*

జుమ్లా
పూస్ 11

తమ్ముడూ,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. డిపోలో బియ్యం నిండుకుని పదకొండు రోజులైంది. వచ్చిన మూటలు ఉద్యోగులకీ, బడికీ పోయాయి. మేము చేదు ఫాపర్ పిండి రొట్టెలతో నెట్టుకొస్తున్నాం. అత్తగారికి ఆ రొట్టె మింగుడు పడదు, నానబెట్టి పెడుతున్నాను.

నిన్న డిపో గుమ్మం దగ్గర పెద్ద గొడవ. బేల్మతి ముసలమ్మ నీకు గుర్తుందా, మన మేనత్త పక్కింటావిడ, అందరిలో నన్ను పట్టుకుంది. "దీని తమ్ముడే కదే అక్కడ కాటావాడు! వాడు వాడి మనుషుల్ని ఎక్కిస్తాడు, మన బియ్యం దించేస్తాడు. నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అంది. నలభై మంది ఆడవాళ్లు నా మొహమే చూస్తున్నారు. చిన్న పిల్లల్ని ఎత్తుకుని పొద్దుటి నుంచి చలిలో నిలబడ్డవాళ్లు. వాళ్లని ఏమని తిట్టను?

తిన్నగా చందన్‌నాథ్ గుడికి నడిచాను. వాళ్లు నా వెనక వచ్చారు. గడప మీద దీపం ముట్టుకుని అందరూ వినేలా ప్రమాణం చేశాను. నా తమ్ముడు తన మనిషి కోసం ఒక్క బియ్యం మూట దింపినా నా చేతి గాజులు నిలవకూడదు అన్నాను. బేల్మతి దీపానికి దండం పెట్టింది. వచ్చి నా భుజం పట్టుకుంది కూడా.

నీ మీద నాకు ఆ నమ్మకం ఉంది కాబట్టే అన్నాను. నువ్వు చిన్నప్పుడు అమ్మ పెట్టిన పెరుగులో కూడా గీత గీసి నాకు సగం మిగిల్చినవాడివి.

మీ బావ వంతు ఎప్పుడు వస్తుందో అప్పుడే రానీ. తొందరపెట్టను. కానీ రాగానే పంపు.

పవిత్రకు ముందు పన్ను ఊడింది. నాన్నకు చూపించాలని గుడ్డలో మూట కట్టి పెట్టింది.

జౌకళ

*

సుర్ఖేత్
పూస్ 19

అక్కకు,

నీ ఉత్తరం పూస్ 12న మొదటి దఫా విమానంలోనే అందింది. ప్రమాణం సంగతి తెలిసింది. మంచిదే చేశావు.

బావ వంతు ఇంకా రాలేదు. 13 నుంచి 17 దాకా మబ్బు, విమానం లేవలేదు. ఆయన బాగున్నాడు.

ఇంకేమీ విశేషాలు లేవు. పవిత్ర పన్ను సంగతి చెప్పాను.

కర్ణబీర్

*

జుమ్లా
పూస్ 27

కర్ణబీర్,

నీ ఉత్తరం వచ్చింది. ఎనిమిది వాక్యాలు. మన నాన్న పోయినప్పుడు నువ్వు రాసిన ఉత్తరం కూడా ఇంతకంటే పొడవుగా ఉంది. నీ చేతిరాత నాకు తెలుసు, అబద్ధం చెప్పేటప్పుడు నువ్వు పొట్టి మాటలు మాట్లాడతావు.

నిజం నాకు హీరాలాల్ మాస్టారు చెప్పాడు. పూస్ 12 రెండో దఫాలో వచ్చింది ఆయనే. నిన్న దారిలో కనబడి, "మీ ఆయన ఎందుకు దిగిపోయాడమ్మా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. మీ బావ విమానంలో కూర్చున్నారట. నడుముకి పట్టీ కూడా కట్టుకున్నారట. నువ్వు తలుపు దగ్గరికి వచ్చి ఏదో కాగితం పట్టుకుని మాట్లాడావట. అంతే, తనంతట తనే పట్టీ విప్పుకుని దిగిపోయారట. ఎవరూ లాగలేదు, తొయ్యలేదు.

తమ్ముడూ, మనిషి ఇంటికి వచ్చే బండి ఎక్కి మరీ దిగిపోయాడంటే దానికి అర్థం ఏమిటో నీ అక్కకు తెలియదనుకున్నావా? ఎండ బాగుంది, జామకాయలు ఉన్నాయి, ముసలి తల్లి దగ్గు వినక్కర్లేదు. ఇక్కడ కట్టెలు కొట్టేది ఎవరు? నేను. మంచు తోసేది ఎవరు? నేను. అక్కడ ఇంకెవరైనా దొరికారా? ఆ కాగితం ఎవరిది? అది నువ్వు దాస్తున్నావా?

ఇది ఆయనకు చదువు. టీ కొట్టు దగ్గర అందరి ముందూ చదువు. ఇల్లు అక్కర్లేకపోతే ఆ మాట నోటితో చెప్పమను. అత్తగారికి నేను చెప్పుకుంటాను. ముప్పై అయిదు నిమిషాల దారికి నలభై రోజులు పట్టే మగవాడి కోసం మైదానంలో నిలబడి నిలబడి నా కళ్లు కాయలు కాచాయి. ఇక వెళ్లను.

జౌకళ

*

సుర్ఖేత్
మాఘ్ 2

అక్కా,

బావ ఈ పొద్దున బయలుదేరాడు. నడిచి. కంచర గాడిదలు తోలుకెళ్లే బల్‌బీర్ మనుషులతో. దైలేఖ్ మీదుగా వస్తారు, తొమ్మిదో పదో రోజుకి నీ ముందు ఉంటాడు.

ఆయన ఉన్నంత కాలం నన్ను చెప్పనివ్వలేదు. "దాని మాటే నాకు అడ్డం వచ్చిందని దానికి తెలియకూడదు, తెలిస్తే నలిగిపోతుంది" అన్నాడు. ఇప్పుడు వెళ్లిపోయాడు కనుక చెబుతాను.

పూస్ 12న నేను తప్పు చేశాను. ఈ ఉద్యోగంలో ఎనిమిదేళ్లలో మొదటిసారి. రెండో దఫాలో ఒక బియ్యం మూట దింపి బావను ఎక్కించాను. యాభై కిలోల మూట, యాభై రెండు కిలోల మనిషి. ఎవరికీ తెలియదు. ఆయన పట్టీ కట్టుకున్నాక, మొదటి దఫాలో దిగిన నీ ఉత్తరం నా చేతిలో పెట్టారు. కాటా దగ్గర నిలబడి చదివాను. నువ్వు ఆయన ప్రాణం మీద ప్రమాణం చేశావు. నేను మూట దింపితే నీ గాజులు నిలవవన్నావు. ఆ మూట నా కాళ్ల దగ్గరే ఉంది.

అక్కా, ఆ విమానం ఎలా లేవనిస్తాను? కొండల మధ్య పోయేది. నా కళ్లకి అది పడిపోతున్నట్టే కనిపించింది. పరుగెత్తి వెళ్లి తలుపు దగ్గర నీ ఉత్తరం చదివాను. బావ ఒక్క క్షణం నా మొహం చూశాడు. తర్వాత పట్టీ విప్పాడు. "దిగుతాను లేరా. దాని నోటికి అసలే పదునెక్కువ" అన్నాడు. దిగి, ఆ మూటని ఎత్తబోయాడు కూడా, తన చోట పెట్టడానికి. నేను వద్దని నేనే ఎత్తాను.

ఆ కాగితం నీదే.

నిన్న నీ ఉత్తరం గదిలో చదివి వినిపించాను. టీ కొట్టు దగ్గర చదవలేదు. అన్నీ చదివాను, ఏదీ మింగలేదు, ఎందుకంటే ఆయన నా మొహం చూసి పట్టేస్తాడు. అంతా అయ్యాక "ఇలా ఇవ్వు, దాని చేత్తో రాసింది కదా" అని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. డాక్టరు మాట గుర్తు చేశాను. "నా మీద బరువేం లేదు, మూట గాడిద మోస్తుంది" అన్నాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మాత్రం, "నడిచేవాడికి ఏ ప్రమాణం అడ్డం రాదులే కర్ణే" అన్నాడు. పొట్టకి నా ఉన్ని శాలువా గట్టిగా చుట్టాను.

మాఘ్ 3, పొద్దున. ఉత్తరం మూయకముందే ఇది రాస్తున్నాను. గోదాములో బియ్యం నిన్న సాయంత్రానికి అయిపోయింది. లారీలు ఎప్పుడు వస్తాయో తెలియదు. ఈ రోజు విమానంలో అయిదు సీట్లు ఖాళీ. బావ ఒక రోజు దూరంలో ఉన్నాడు. వెనక మనిషిని పంపాలా? రేపే లారీలు వస్తే ఏం చెయ్యను? ఒకసారి ఎక్కించి దింపాను. వెనక్కి పిలిచి రెండోసారి దింపలేను. నువ్వు చెప్పు.

కర్ణబీర్

*

జుమ్లా
మాఘ్ 4

తమ్ముడూ పిలువు. వెనక్కి పిలువు. నువ్వే వెళ్లు.

ఇక్కడ నిన్న సాయంత్రం నుంచి మంచు, ఇప్పుడే కాస్త తెరిపిచ్చింది. మహాబు వైపు ఆకాశం నల్లగా ఉంది. నేను గుడికి వెళ్లాను. పూజారిని అడిగాను, నోరు జారి అన్న మాట వెనక్కి తీసుకోవచ్చునా అని. మేకను బలిస్తే చెల్లుతుందన్నాడు. ఉన్న మేకను ఇచ్చేశాను. చెల్లింది. ఆయనకి చెప్పు, చెల్లిందని. సీట్లు ఖాళీ లేకపోయినా ఎక్కించు. మూటలన్నీ దింపి ఎక్కించు.

నేనన్న మాటలు ఒక్కటీ నిజంగా అన్నవి కావు. ఆయనకు తెలుసు. తెలుసు కదూ?

ఈ విమానంలోనే పంపుతున్నాను. ముప్పై అయిదు నిమిషాల్లో నీ చేతిలో ఉంటుంది. చదివిన కాళ్లతోనే బయలుదేరు.

అక్క

*

సుర్ఖేత్
మాఘ్ 11

అక్కా,

నువ్వు పంపినరోజు విమానం ఇక్కడ దిగలేదు, మబ్బుకి నేపాల్‌గంజ్ వెళ్లిపోయింది. 5న అందింది. కాటా అక్కడే వదిలేసి వెళ్లాను. దొరికినంత దూరం జీపు, ఆ తర్వాత పరుగు. 6 సాయంత్రం దైలేఖ్ చేరాను. వాళ్లు 4న దాటిపోయారు. తెల్లారి ఇంకో పూట దారి ఎక్కాను. కొండ మొదట్లో ఒక టీ దుకాణం ఉంది. పైన మంచు కురుస్తోంది, ముందు చెయ్యి కనబడడం లేదు. దుకాణంలో ఆవిడ, "ముందు వెళ్లినవాళ్లు ఈపాటికి అవతలికి దిగి ఉంటారు, నువ్వు వెళ్తే నీ కోసం ఇంకొకడు రావాలి" అంది.

నేను వెనక్కి తిరిగాను అక్కా. ఇది కూడా రాస్తున్నాను, దాచి లాభం లేదు.

తిరిగి వచ్చాక పైలట్‌ని బతిమాలాను, కొండ దాటేటప్పుడు కిందికి చూడమని. సుర్ఖేత్‌లో లేచిన పద్నాలుగో నిమిషంలో మహాబు పైన ఉంటారట. ఆయన రోజూ చూస్తున్నాడు. అవతలి వాలు కింద గాడిదల వరుస కనబడిందన్నాడు. అంటే దాటారు. గాడిదలు దాటితే మనుషులూ దాటినట్టే. బావ నీ గుమ్మంలోకి వచ్చేసి ఉంటాడు. ఈ ఉత్తరం చదివి ఇద్దరూ నన్ను తిట్టండి.

విమానం రోజూ ఖాళీగానే వస్తోంది. ఖాళీ సీట్లకి బరువు సున్నా అని రాస్తున్నాను.

కర్ణబీర్

*

జుమ్లా
మాఘ్ 20

తమ్ముడూ,

గాడిదలు 13న వచ్చాయి. మెడల్లో గంటల చప్పుడు ఊరి మలుపు దగ్గర వినబడగానే పవిత్ర పన్ను మూట పట్టుకుని పరుగెత్తింది. నేను అన్నం వార్చి దించుతున్నాను. పాప ఒక్కతే తిరిగి వచ్చింది.

ఆయన మూటని బల్‌బీర్ నా గడప మీద పెట్టాడు. నా కళ్లలోకి చూడలేదు. కొండ ఎక్కడం మొదలెట్టిన రోజే కోసిన చోట చీము పట్టిందట. శిఖరానికి కింద గొర్రెలవాళ్ల రాతి గుడిసె ఉంది, అక్కడ కూర్చుండిపోయారట. "మీరు పదండి, గాడిదలు గడ్డకడతాయి. నేను రెండు రోజులు పడుకుని వెనక వచ్చేవాళ్లతో వస్తాను" అన్నారట. నిప్పు రాజేసి, సత్తుపిండి ఇచ్చి వచ్చామన్నాడు. బల్‌బీర్ చెడ్డవాడు కాదు. వెనక ఎవరూ రాలేదు. ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు కురిసింది.

మా మరిది హరిమాన్ ముగ్గురిని తీసుకుని ఇటువైపు నుంచి వెళ్లాడు. నడుము లోతు మంచులో నాలుగు రోజులు తిరిగి వచ్చాడు. కాలి వేళ్లు రెండు నల్లబడ్డాయి.

ఇక మైదానానికి వెళ్లనన్నాను కదా. రోజూ వెళ్తున్నాను. దిగిన ప్రతివాణ్నీ అడుగుతున్నాను, పైనుంచి ఏమైనా కనబడిందా, పొగ కనబడిందా అని. వాళ్లు పాపం కిటికీలోంచి చూశామని చెబుతారు. తెల్లగా ఉందంటారు.

ఆయన చనిపోలేదు. నా గాజులు నా చేతికే ఉన్నాయి. నువ్వు దింపిన మూట నువ్వే మళ్లీ ఎక్కించావు. అప్పుడు ప్రమాణం తప్పినట్టు ఎలా అవుతుంది? నువ్వు చదువుకున్నవాడివి, చెప్పు.

జౌకళ

*

సుర్ఖేత్
ఫాగున్ 8

అక్కా,

ఈ ఉత్తరానికి పైన నమస్కారం రాయడం లేదు. అది చూడగానే నీకు తెలిసిపోతుంది. కూర్చుని చదువు. పక్కన హరిమాన్‌ను ఉండమను.

ఫాగున్ 2న గొర్రెలవాళ్లు కబురు పంపారు. నేను వెళ్లాను. బావ ఆ గుడిసెలో లేడు. శిఖరం దాటి అవతలకి, అంటే మీ వైపుకి, అరమైలు దిగి ఉన్నాడు. ఒక బండకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం ఇంటి వైపే ఉంది. మంచు వల్ల మొహం అలాగే ఉంది అక్కా. నిద్రపోతున్నట్టు ఉందని రాయను, నువ్వు నమ్మవు. అలసిపోయిన మొహం.

జేబులో రాయి సీసా ఉంది. నీ ఉత్తరం ఉంది. మడతల దగ్గర చిరిగేలా అరిగిపోయింది. చదవడం రాని మనిషి ఎన్నిసార్లు విప్పి చూశాడో.

కిందికి మోసే దారి లేదు. అక్కడే గొర్రెలవాళ్లూ నేనూ కట్టెలు చేర్చి దహనం చేశాం. కొరివి నేనే పెట్టాను, బావమరిది పెట్టొచ్చో లేదో నాకు తెలియదు, ఇంకెవరూ లేరు. ఉత్తరాన్ని ఆయనతోనే పంపించాను. సీసా పవిత్రకు తెస్తున్నాను. అస్థికలు గుడ్డలో కట్టి నా దగ్గర పెట్టుకున్నాను. మీ అత్తగారు తన కొడుకును తీలా నదిలోనే కలపమంటుందని నాకు తెలుసు.

కాటా ఉద్యోగం వదిలేశాను. ఎల్లుండి బయలుదేరుతున్నాను, నడిచి. ఆయన నడిచిన దారిలోనే నడుస్తాను. విమానంలో నాకు చోటిస్తామన్నారు, పైలట్ స్వయంగా వచ్చి అడిగాడు. గుడ్డలో ఉన్నదానికి బరువే లేదన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నేను మాత్రం ఎక్కను. ఏ మొహం పెట్టుకుని ముప్పై అయిదు నిమిషాల్లో నీ ముందు దిగను?

ఈ కాగితం రేపు పొద్దున నీకు అందుతుంది. నేను ఫాగున్ 18కి వస్తాను. గుమ్మంలోకి రానివ్వకపోతే నది దగ్గరే ఇచ్చి వెళ్లిపోతాను.

కర్ణే

*

జుమ్లా
ఫాగున్ 9

కర్ణే,

అందింది. హరిమాన్ చదివాడు, నాకు అక్షరాలు ఆనలేదు. ఇప్పుడు నేనే రాస్తున్నాను. రెండో దఫా విమానం వెళ్లకముందే ఇవ్వాలి.

గాజులు నేనే తీశాను. బేల్మతి ముసలమ్మ రాయి పట్టుకుని వచ్చింది పగలగొట్టడానికి. ఇవ్వలేదు. ఒక్కొక్కటీ చేతిలోంచి తీసి పొయ్యి గట్టు మీద పెట్టాను. ఆవిడ కూర్చుని ఏడ్చింది. ఆవిడను నేనేమీ అనలేదు. బియ్యం కోసం నిలబడ్డ మనిషి అంది, తమ్ముడి కోసం నిలబడ్డ మనిషి బదులు చెప్పింది. ఎవరి మాట ఎవరి మీద పడిందో చూడు.

నెల రోజులుగా ఒకే సంగతి ఆలోచిస్తున్నాను. ఆయన ఆ విమానం ఎక్కబోతారని ముందే తెలిస్తే నేను ప్రమాణం చేసేదాన్నా? చేసేదాన్ని తమ్ముడూ. అందరి ముందూ దీపం ముట్టుకుని చేసేదాన్ని. చేసి, ఇంటికి వచ్చి, నీకు రహస్యంగా ఉత్తరం రాసేదాన్ని, ఎలాగైనా ఎక్కించమని. నేను అలాంటిదాన్నే. నువ్వు నన్ను నా మాటకంటే మంచిదాన్ని అనుకున్నావు. అదే మన కొంప ముంచింది. ఆయన కూడా అలాగే అనుకున్నారు.

హరిమాన్ క్రియకు కూర్చున్నాడు. పదమూడు రోజులు ఒంటిపూట, ఉప్పు లేని అన్నం. పిండాలకూ అన్నమే కావాలి. ఇంట్లో బియ్యం ఉంది. ఎక్కడివో చెప్పనా? పూస్ 12న రెండో దఫాలో దిగిన మూటలు మర్నాడు డిపోలో పంచారు. నా వంతుకి పది కిలోలు వచ్చింది. ఆయనకు ఫాపర్ రొట్టె పడదు కదా, వచ్చాక పెడదామని కుండలో పోసి మూత మీద మట్టి మెత్తాను. గాడిదలు వచ్చిన రోజున ఒక్క తవ్వెడు వండాను, అదీ పశువులకు పెట్టాను. మిగతాదానికి మళ్లీ మట్టి మెత్తి ఉంచాను. ఈ పొద్దున మట్టి పగలగొట్టాను. రేపు మొదటి పిండం దానితోనే. ఆయన లేచి చోటిచ్చిన బియ్యం ఆయనకే చేరుతోంది.

ఇక నీ సంగతి. నడిచి వస్తానని రాశావు. ఏడ్చినట్టుంది. ఆ కొండ మీద నీ కోసం ఇంకొకరు వెళ్లే ఓపిక ఈ ఇంట్లో ఎవరికీ లేదు. పవిత్ర పొద్దుటి నుంచి అడుగుతోంది, మామ ఎలా వస్తున్నాడు అని. నడిచి అని చెప్పాను. దాని మొహం ఎలా అయిపోయిందో నేను రాయలేను.

గుమ్మంలోకి రానివ్వనా నేను? నాకున్నది ఎవరు?

ఎక్కు. బియ్యం వచ్చి ఉంటే ఒక మూట దింపి ఎక్కు. డిపో దగ్గర నేను నిలబడి చెబుతాను, ఈ రోజు తగ్గిన మూట నా తమ్ముడిదని, నా వంతు ఎవరైనా తీసుకోండని. ఏ గడపా తొక్కను, ఏ దీపమూ ముట్టుకోను.

రేపు పొద్దున పవిత్రను తీసుకుని మైదానానికి వస్తున్నాను. గాలి లేవకముందే దిగు. ముప్పై అయిదు నిమిషాలేగా.

అక్క